క్లాస్‌మేట్ బర్త్‌డే డేటు మారి మా ఇంట్లో ఆబ్దికం రోజే పడింది, రాలేమని ఎలా చెప్పాలి?

మియాపూర్ అమ్మ

అందరికీ నమస్తే అండీ. మా బాబు యూకేజీ, వాడి క్లాసులో పాపది పుట్టినరోజు, శంషాబాద్ దాటాక ఒక రిసార్ట్‌లో చేస్తున్నారు. ముందు శనివారం అన్నారు, సరే వస్తామని చెప్పాం, ఇప్పుడేమో హాలు కుదర్లేదని ఆదివారం సాయంత్రం ఏడింటికి మార్చారు. ఆదివారం మా మామగారి ఆబ్దికం. తిథిని బట్టి వచ్చేది కాబట్టి ముందుకీ వెనక్కీ జరిపేది కాదు. భోక్తల భోజనాలయ్యి మేం తినేసరికే నాలుగవుతుంది, మా ఆయనే కర్త, ఆ రోజు బయట ఏమీ తినరు, రాత్రి భోజనం కూడా చెయ్యరు. అత్తగారు ఊర్నించి వస్తున్నారు, ఆవిణ్ణి ఆ రోజు ఇంట్లో వదిలేసి నేను పట్టుచీర కట్టుకుని కేక్ కటింగ్‌కి వెళ్ళడానికి నాకు మనసొప్పట్లేదు. పైగా మాకున్నది స్కూటర్, ఔటర్ రింగ్ రోడ్డు మీదకి టూవీలర్లని రానివ్వరు, క్యాబ్‌లో వెళ్ళినా దగ్గర దగ్గర 40 కిలోమీటర్లు, తిరిగొచ్చేసరికి పదకొండు, మర్నాడు పొద్దున్నే స్కూల్ బస్సు.

ఇబ్బంది ఏంటంటే పాప వాళ్ళమ్మ చాలా మంచావిడ. అందర్లా వాట్సాప్‌లో కార్డు పడేసి ఊరుకోకుండా ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలిచారు. అంత ప్రేమగా పాప పుట్టినరోజుకి పిలిస్తే మా ఇంట్లో తద్దినం అని నోటితో ఎలా చెప్పను? మా ఆయనేమో "చూస్తాం అని చెప్పెయ్, వెళ్ళకపోతే వాళ్ళకే అర్థమవుతుంది" అంటారు. మా చెల్లి బాబుకి జ్వరమని చెప్పమంటోంది. నాకు రెండూ నచ్చట్లేదు. ఇంకోటి, వీడు వెళ్తానని ఒకటే ఏడుపు, పక్క బ్లాక్‌లో వాళ్ళు వాళ్ళ కార్లో తీసుకెళ్తాం అంటున్నారు, పంపమంటారా?

కూకట్‌పల్లి ఇద్దరు పిల్లల తల్లి

అక్కా, ఏం చెప్పినా చెప్పండి గానీ "చూస్తాం" మాత్రం అనకండి, దయచేసి. మా పెద్దదాని పుట్టినరోజుకి సగం మంది ఇదే మాట అన్నారు, వస్తారో రారో తెలీక నేను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. కేటరింగ్ వాళ్ళు రెండు మూడ్రోజుల ముందే ప్లేట్లు ఎన్నో చెప్పమంటారు, చెప్పాక మనుషులు రాకపోయినా డబ్బులు కట్టాల్సిందే. రిసార్టుల్లో అయితే కనీసం ఇన్ని ప్లేట్లని ముందే మాట్లాడుకుంటారు. రిటర్న్ గిఫ్ట్ డబ్బాల మీద పిల్లల పేర్లు కూడా రాయించా నేను, రాని పిల్లల పేర్లతో ఉన్నవి ఎవరికివ్వాలి చెప్పండి. అదే ముందే "రాలేం" అన్నవాళ్ళ మీద నాకు రవ్వంత కూడా కోపం రాలేదు, మనిషికి వంద పనులుంటాయి, నాకు తెలీదా. మీరు ఇవాళే ఫోన్ చేసెయ్యండి, ఆదివారం దగ్గరపడే దాకా నాన్చకండి. పైగా డేటు మార్చింది వాళ్ళు, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, మొహమాటపడాల్సిన పనేం లేదు.

ఇంకో మాట, క్లాస్ గ్రూపులో పెట్టకండి. వాళ్ళు క్లాసులో అందర్నీ పిలిచారో లేదో మనకి తెలీదు, పిలవని వాళ్ళు చూస్తే ఆవిడకి ఇబ్బంది. అదీగాక ఒకరు రాలేం అని పెడితే కింద వరసగా ఇంకో నలుగురు మేమూ రాలేం అని పెడతారు, పాపం ఆవిడకి ఎలా ఉంటుంది.

నిజాంపేట్

జ్వరం అని చెప్తే వచ్చిన నష్టమేంటండీ, ఎవరికీ బాధ ఉండదు, ఇంకో ప్రశ్న ఉండదు. నేనైతే అదే చెప్తా.

కూకట్‌పల్లి ఇద్దరు పిల్లల తల్లి

నష్టం ఉందండీ. సోమవారం బాబు స్కూలుకెళ్ళి "నిన్న మా ఇంట్లో గారెలు, పరవాన్నం తిన్నా" అని ఆ పాపతోనే చెప్తాడు. ఐదేళ్ళ పిల్లాడికి అబద్ధం నేర్పించి దాచిపెట్టమంటామా? ఇంకా ఏంటంటే జ్వరం అనగానే ఆవిడ మర్నాడు ఫోన్ చేసి ఎలా ఉంది, డాక్టర్‌కి చూపించారా అని అడుగుతుంది, మంచావిడ అన్నారుగా, తప్పకుండా అడుగుతుంది. అప్పుడు ఇంకో అబద్ధం.

తెనాలి మాస్టారు

అమ్మా, మీ సంశయం నాకు అర్థమైంది. శుభానికి పిలిచినవాళ్ళతో ఆబ్దికం మాట ఎత్తడానికి మనకి నోరు రాదు, అది మన పెద్దలు నేర్పిన మర్యాదే. కానీ పితృకార్యం దాచుకోవాల్సిన పనేమీ కాదు తల్లీ. మీరు "ఆ రోజు మా ఇంట్లో పెద్దల కార్యం ఉందండీ" అనండి చాలు, తెలుగువాళ్ళెవరికైనా తెలిసిపోతుంది, ఆ తర్వాత రమ్మని బలవంతపెట్టే మనిషి ఉండడు. ఏ తిథి, ఎవరిది, ఎన్నో ఏడు అని మీరు వివరం చెప్పొద్దు, వాళ్ళు అడిగితే అప్పుడు చెప్పండి. అపరాహ్ణంలో, అంటే మధ్యాహ్నం పూట చెయ్యాల్సిన కార్యం, సాయంత్రానికి ఖాళీ అయిపోతారుగా అని ఎవరైనా అన్నా మీరు లొంగొద్దు. ఆ రోజంతా మీ అత్తగారికి ఆయన జ్ఞాపకాలే ఉంటాయి. కొడుకూ కోడలూ పక్కన ఉండటం ఆవిడకి ఎంత బలమో ఇలాంటి రోజులు చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

పిల్లవాడి సంగతి మీ ఇంటి ఆచారాన్ని బట్టి ఉంటుంది. చాలా ఇళ్ళల్లో పసివాళ్ళకి పట్టింపు పెట్టరు. అత్తగారిని అడిగి చెయ్యండి, మీరిద్దరూ ముందే అనేసుకుని ఆవిడకి చెప్పడం కాదు, అడగండి.

ఫ్రిస్కో నాన్న

మాది డాలస్ పక్కన. ఇక్కడ ఇన్విటేషన్‌లోనే ఫలానా తేదీలోపు వస్తారో రారో చెప్పమని రాస్తారు, నో అని నొక్కితే ఎవరూ ఏమీ అనుకోరు, కారణం కూడా అడగరు. ట్రాంపొలీన్ పార్కుల్లో ప్యాకేజీ ఇంతమంది పిల్లలకని ఉంటుంది, పైన ఒక్కొక్కళ్ళకీ ఎక్స్‌ట్రా కట్టాలి, అందుకని లెక్క ముందే కావాలి. కానీ మన తెలుగువాళ్ళ పార్టీ అనగానే మళ్ళీ అదే "ట్రై చేస్తాం అన్నా". వచ్చేది లేదని వాళ్ళకీ తెలుసు మనకీ తెలుసు, అయినా మనం వాళ్ళకి కూడా ఫుడ్ ఆర్డర్ పెట్టాల్సిందే. పిలిచేవాడి వైపు నుంచి చెప్తున్నా సిస్టర్, సూటిగా చెప్పినవాళ్ళనే మళ్ళీ పిలవాలనిపిస్తుంది.

బాచుపల్లి

బాబుని పక్కవాళ్ళతో పంపే ముందు ఒక్కటి కనుక్కోండి, ఆ రిసార్ట్‌లో స్విమ్మింగ్ పూల్ ఉందా? సాయంత్రం చీకటి, డీజే సౌండు, పెద్దవాళ్ళంతా భోజనాల దగ్గర, పిల్లలేమో ఇష్టమొచ్చినట్టు పరిగెడుతుంటారు. పక్కవాళ్ళు ఎంత మంచివాళ్ళైనా వాళ్ళ పిల్లల మీదే వాళ్ళ కన్ను ఉంటుంది, అది సహజం, వాళ్ళ తప్పు కాదు. ఐదేళ్ళ పిల్లాణ్ణి మన మనిషి లేకుండా నీళ్ళున్న చోటికి రాత్రిపూట నేనైతే చచ్చినా పంపను. ఏడిస్తే ఏడవనివ్వండి, ఒక పూట ఏడుస్తాడు. దానికి బదులుగా పాప కోసం కార్డు గియ్యమని వాడికి రంగులివ్వండి, బొమ్మ వేసుకుంటూ మర్చిపోతాడు.

నిజాంపేట్

పూల్ మాట నిజమే, అది నాకు తట్టలేదు. మరి గిఫ్ట్ ముందే పంపెయ్యొచ్చుగా?

కూకట్‌పల్లి ఇద్దరు పిల్లల తల్లి

రాకపోయినందుకు పరిహారం కట్టినట్టు పెద్ద గిఫ్ట్ పంపకండి, ఆవిడ మళ్ళీ దానికి సరిపడా తిరిగివ్వాలని చూస్తుంది. స్కూలుకి పంపడం కూడా వద్దు, చాలా స్కూళ్ళల్లో ఒప్పుకోరు. ఆబ్దికం అయ్యాక ఏదో ఒక సాయంత్రం బాబుని తీసుకుని వాళ్ళింటికెళ్ళి పాపకి ఒక బొమ్మల పుస్తకం, వాడు గీసిన కార్డు ఇచ్చి పది నిమిషాలు కూచుని రండి. ఆవిడ ఇంటికొచ్చి పిలిచింది కదా, మీరూ ఇంటికెళ్ళినట్టుంటుంది. పార్టీ గోలలో ఆవిడకి మీతో ఒక్క మాటైనా మాట్లాడే తీరిక ఉండదు, ఇలా అయితే కాఫీ తాగుతూ మాట్లాడుకుంటారు.

మియాపూర్ అమ్మ

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ, మాస్టారూ మీకు ప్రత్యేకంగా. అత్తగారికి ఫోన్ చేసి అడిగాను. పిల్లాడికి పట్టింపేం లేదమ్మా, కానీ ఆ రోజు మనవణ్ణి నా దగ్గరే ఉంచు అన్నారు. ఇంక దాంతో ఆ సంగతి తేలిపోయింది. పూల్ కూడా ఉందట, కనుక్కున్నా.

ఫోన్‌లో ఇలా చెబుదామనుకుంటున్నా, చూడండి: "అండీ, మీరు ఇంటికొచ్చి పిలిచారు, మాకెంతో సంతోషంగా ఉంది. ఆదివారం మా ఇంట్లో పెద్దల కార్యం ఉంది, మేం ముగ్గురం రాలేమండీ. భోజనాల లెక్కలో మమ్మల్ని వేసుకోకండి. పొద్దున్న బాబు పాపకి వీడియో కాల్ చేసి విష్ చేస్తాడు, వచ్చే వారం ఒకసారి ఇంటికొచ్చి పాపని చూస్తాం." సారీ అని నాలుగుసార్లు రాసుకున్నా, మా ఆయన అన్నీ కొట్టేశారు.

తెనాలి మాస్టారు

బాగుందమ్మా. "పాపకి మా ఆశీస్సులు" అని ఒక్కటి కలపండి. వీడియో కాల్ పొద్దున ఎనిమిదిలోపే చేయించండి, తర్వాత వంటలూ మడీ హడావుడిలో మీకు ఫోను ముట్టుకునే తీరిక ఉండదు.

కూకట్‌పల్లి ఇద్దరు పిల్లల తల్లి

ఇదే చెప్పండి అక్కా, ఒక్క మాట మార్చక్కర్లేదు. ఇప్పుడే చేసెయ్యండి, ఇంకా గురువారమే కాబట్టి ప్లేట్ల లెక్క చెప్పి ఉండరు.