‘చక్రాల కుర్చీకే పరిమితమైన డిటెక్టివ్’: ఈ వాక్యం సరేనా?

మిర్యాలగూడ నుంచి ప్రశ్న: పాత అమెరికన్ టీవీ సీరియల్ ‘ఐరన్‌సైడ్’ మీద ఒక చిన్న పరిచయం రాస్తున్నాను. 1967 నుంచి 1975 దాకా వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసు శాఖలో డిటెక్టివ్‌లకు పెద్దగా ఉన్న రాబర్ట్ ఐరన్‌సైడ్‌కు వెన్నులో తూటా దిగి నడుము కింద చచ్చుబడుతుంది. అయినా కేసులు వదలడు. ‘చక్రాల కుర్చీకే పరిమితమైన డిటెక్టివ్’ అని మొదలుపెట్టాను. చదివిన అక్క ‘పరిమితమైన’ కింద ఎర్రగీత గీసింది. ఏం తప్పు?

నల్గొండ నుంచి: అక్క మాటే నిజం తమ్మీ. పేపర్లలో ఆ మాట ఎక్కడ వస్తుందో చూడు. మంచానికి పరిమితం, ఇంటికి పరిమితం, హామీలు కాగితాలకే పరిమితం. అది దాటి కదలదు అన్నప్పుడే రాస్తారు. ఈయన లిఫ్ట్ బిగించిన వ్యాన్‌లో నేరం జరిగిన చోటికి పోతాడు, సాక్షులను నిలదీస్తాడు, కిందివాళ్ల మీద కస్సుమంటాడు. ఆ కుర్చీ లేకుంటే గదికి పరిమితమయ్యేవాడు.

మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిపోయినవాళ్ల గురించి రాసీ రాసీ ‘పరిమితం’ మనకు చేతికి అలవాటైపోయింది. అక్కడ కొందరి విషయంలో అది అక్షరాలా నిజం. దాన్నే తెచ్చి ఈ డిటెక్టివ్‌కు అంటిస్తే రెండు చోట్లా మాట పలచబడుతుంది.

ఇంకొకటి. సహాయకుడు మార్క్ శాంగర్ ఆయన కుర్చీ నెడుతుంటాడు కదా, ‘నెట్టుకొస్తుంటాడు’ అని రాసేవు! మనం నెట్టుకొచ్చేది బతుకును, సంసారాన్ని. ‘తోసుకొచ్చాడు’ అంటే జనాన్ని తోసినట్టు. ‘నూక్కుంట వస్తడు’ మనకు కమ్మగానే ఉంటుంది గానీ, గుంటూరు పాఠకుడికి బియ్యం నూకలు గుర్తొస్తే ఎట్లా? ‘కుర్చీని నడిపిస్తాడు’ అని రాయి, చాలు.

ప్రశ్న అడిగినవారు: ‘వీల్‌చైర్ వాడే డిటెక్టివ్’ అంటే?

పాలమూరు నుంచి: తప్పు కాదు, కానీ చెవికి కొత్త. మందులు వాడతాం, సబ్బు వాడతాం. బండి వాడతాం అనేకంటే బండి మీద తిరుగుతాం అంటాం. అసలు తిరకాసు ‘కుర్చీ’ దగ్గరుంది. కుర్చీ ఇంట్లో సామాను, దాంట్లో కూర్చుంటారు. మూడు గిర్రల సైకిల్‌ను చేతులతో తిప్పుకుంటూ సోమవారం ప్రజావాణికి వచ్చే మనిషిని ‘సైకిల్‌కు పరిమితమైండు’ అని మా దగ్గర ఎవరూ అనరు. ‘సైకిల్ మీద వచ్చిండు’ అంటరు, ముచ్చట అయిపోతుంది. అందుకే నా ఓటు ‘వీల్‌చైర్‌లో తిరిగే డిటెక్టివ్’కు. ‘దివ్యాంగ డిటెక్టివ్’ మాత్రం వద్దు. 2015 చివర్లో ప్రధాని సూచించాక ఆఫీసు కాగితాలకెక్కిన మాట అది. అంత చిరాకు మనిషి పక్కన ‘దివ్య’ నిలవదు.

నల్గొండ నుంచి: ‘వీల్‌చైర్ నటుడు’ అని కూడా రాయకు. ఆ పాత్ర వేసిన రేమండ్ బర్ నడవగలిగిన మనిషే. అంతకుముందు ఇంకో సీరియల్‌లో లాయర్ పెర్రీ మేసన్‌గా కోర్టులో నిలబడి వాదించింది ఆయనే. 2013లో బ్లెయిర్ అండర్‌వుడ్‌తో మళ్లీ తీస్తే, ఆయనా నడిచే నటుడే కావడంతో అభ్యంతరాలు వచ్చాయి. పాత్రను, నటుడిని ఒకే విశేషణంలో కుక్కితే ఈ గొడవంతా పాఠకుడికి తెలియకుండా పోతుంది.

ప్రశ్న అడిగినవారు: ఇట్లా మార్చాను. ‘తూటా దెబ్బకు కాళ్లు చచ్చుబడినా, వీల్‌చైర్‌లో తిరుగుతూ కేసులు తేల్చే డిటెక్టివ్ ఐరన్‌సైడ్.’

పాలమూరు నుంచి: ఆ ‘చచ్చుబడినా’లో ‘నా’ తీసెయ్. అది ఉంటే పాపం అన్నట్టుంటుంది. తూటా సంగతి రెండో వాక్యంలో చెప్పు, ముందు కేసు రానీ.