మహానగరం నుంచి మూడు వేల జనాభా ఉన్న ఊరికి మారడం: అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను పుట్టి పెరిగింది, చదువుకున్నది, పదిహేనేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నది అన్నీ పెద్ద నగరాల్లోనే. ఇప్పుడు మా సంస్థ మూడు వేలకు కాస్త అటూ ఇటూగా జనాభా ఉన్న ఒక ఊళ్ళో కొత్త కేంద్రం ప్రారంభిస్తూ, అక్కడికి వెళ్తారా అని నన్ను అడిగింది. జీతంలో మార్పు ఉండదు. ఏ సంగతీ చెప్పడానికి రెండు నెలల గడువు ఉంది. ఇంట్లో నేను, నా భార్య, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి, డెబ్బై రెండేళ్ళ మా అమ్మ ఉంటాం.

తెలిసినవారిని అడిగితే సగం మంది “హాయిగా ఉంటుంది, వెళ్ళండి” అంటున్నారు, మిగిలినవారు “ఆరు నెలలకే విసుగెత్తి తిరిగి వస్తారు” అంటున్నారు. ఈ మాటలు చెప్పేవారిలో చాలామంది అలాంటి ఊళ్ళో వారం రోజులకు మించి ఉన్నవారు కాదు. దూరపు కొండలు నునుపన్న సంగతి నాకూ తెలుసు కాబట్టి మంచి గాలి, నిశ్శబ్దం, రద్దీ లేకపోవడం గురించి నేను అడగడం లేదు. ఇక్కడ రోజూ ప్రయాణానికి పోతున్న రెండున్నర గంటలు అక్కడ మిగులుతాయి, ఆ లెక్క నేనే వేసుకోగలను. అంత తక్కువ మంది మధ్య బతికేటప్పుడు మనుషులతో వ్యవహారం ఎలా మారుతుంది, నగరంలో ఉండగా మనం గమనించను కూడా గమనించని ఏ సదుపాయాలు అక్కడికి వెళ్ళాక లేవని తెలిసివస్తాయి, పిల్లలకు అది మేలా కీడా అన్నది ఎరిగినవారు ఉంటే వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

మొదటి సమాధానం

నేను అలాంటి ఊళ్ళోనే పుట్టి, ఇరవై రెండో ఏట నగరానికి వచ్చి, పన్నెండేళ్ళు ఉండి, మళ్ళీ నాలుగు వేల జనాభా ఉన్న ఇంకో ఊరికి వెళ్ళి స్థిరపడ్డాను. మీ మొదటి ప్రశ్నకే సమాధానం చెబుతాను, ఎందుకంటే నా కళ్ళ ముందు వచ్చి తిరిగి వెళ్ళిపోయినవారిలో ఎక్కువ మంది వెళ్ళింది విసుగు వల్ల కాదు, మనుషులతో వచ్చిన చిక్కుల వల్లే.

నగరంలో మీ ఇంటి యజమాని వేరు, మీ అమ్మాయికి చదువు చెప్పేవారు వేరు, మీ వైద్యుడు వేరు, మీ పై అధికారి వేరు. వీళ్ళలో ఒకరి పేరు ఇంకొకరికి తెలియదు. చిన్న ఊళ్ళో ఉపాధ్యాయురాలు మీ ఇంటి యజమానికి చెల్లెలు అవుతుంది, ఆమె భర్త మీ కార్యాలయంలోనే పని చేస్తుంటాడు, మీ కొళాయి బాగుచేసే మనిషి ఆయనకు చిన్ననాటి స్నేహితుడై ఉంటాడు. అందువల్ల అక్కడ ఒకరితో తగవు పెట్టుకుంటే అది ఒకరితో ఆగదు. ఈ సంగతి ఊహ తెలిసినప్పటి నుంచీ ఎరిగినవాళ్ళు కాబట్టి ఆ ఊరివాళ్ళు ముఖం మీద కాదనరు, “చూద్దాం” అంటారు. నగరం నుంచి వచ్చినవాడు దాన్ని సరేనన్న మాటగా తీసుకొని వారం తరువాత నిలదీస్తాడు, నిలదీసిన కబురు సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. అలాంటి ఊళ్ళో పుట్టినవాణ్ణే అయినా, తిరిగి వెళ్ళిన కొత్తలో నేనూ రెండుసార్లు ఈ పొరపాటు చేశాను.

అలాగని మూడు వేల మందీ మీకు తెలుస్తారనుకోకండి. మనిషి నిలకడగా సంబంధాలు నిలుపుకోగలిగేది సుమారు 150 మందితోనని రాబిన్ డన్‌బార్ అనే శాస్త్రవేత్త 1990లలో అంచనా వేశారు. ఆ సంఖ్య మీద వాదాలు ఉన్నాయి గానీ, వేలమందిని దగ్గరగా ఎరిగి ఉండడం ఎవరి వల్లా కాదన్నది మన అనుభవమే. అయితే మీకు తెలియని ప్రతి మనిషీ మీకు తెలిసిన ఎవరో ఒకరికి తెలిసి ఉంటాడు, కొత్తగా వచ్చిన మీరెవరో అతనికి ముందే తెలిసి ఉంటుంది.

నగరవాసి ముభావంగా ఉండడానికి కారణాన్ని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త గేయోర్గ్ జిమ్మెల్ 1903లోనే వివరించారు. రోజూ ఎదురయ్యే వేలమందిలో ప్రతివారికీ స్పందిస్తూ పోతే మనసు తట్టుకోలేదు కనుక ఆ ముభావం అతనికి కవచం వంటిదని, చిన్న ఊళ్ళో దొరకని స్వేచ్ఛ కూడా అతనికి దానితోపాటే వస్తుందని ఆయన అభిప్రాయం. చిన్న ఊళ్ళో ఆ కవచంతోనే తిరిగితే పొగరంటారు. మీ ఇంటి తలుపు రెండు రోజులు తెరుచుకోకపోతే ఎవరో ఒకరు వచ్చి ఒంట్లో బాగుందా అని అడుగుతారు. నిన్న మీ ఇంటికి వచ్చినవారెవరని కూడా ఆ మనిషే అడుగుతారు. మొదటిదాన్ని ఉంచుకొని రెండోదాన్ని వద్దనడం కుదరదు.

రెండో సమాధానం

నేను వైద్యరంగంలో ఉన్నాను. మీ అమ్మగారి వయసు చూశాక మీ రెండో ప్రశ్నకు రాయాలనిపించింది.

ఒక సదుపాయం ఊళ్ళో నిలవాలంటే దాన్ని వాడుకునేవారు కనీసం ఇంతమంది ఉండాలి, దాని కోసం జనం ఇంత దూరానికి మించి రారు అనే రెండు లెక్కల మీద వాల్టర్ క్రిస్టాలర్ అనే భూగోళవేత్త 1933లో దక్షిణ జర్మనీ ఊళ్ళను పరిశీలించి ఒక సిద్ధాంతం కట్టారు. అందులోని సరళమైన జ్యామితి నిజమైన ఊళ్ళకు అంతగా అతకదు, కానీ మొదటి లెక్క ఇప్పటికీ చెల్లుతుంది. సాధారణ వైద్యుడికి మూడు వేల జనాభా సరిపోవచ్చు. గుండె నిపుణుడికి, నరాల నిపుణుడికి సరిపోదు. అంటే వాళ్ళు ఆ ఊళ్ళో లేకపోవడం ఎవరి నిర్లక్ష్యమూ కాదు కాబట్టి, రేపెప్పుడో వస్తారని ఎదురుచూడడంలోనూ అర్థం లేదు.

మెదడులో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చినప్పుడు గడ్డను కరిగించే మందును లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి, ఎంత ముందుగా ఇస్తే అంత మేలు. అయితే మెదడులో రక్తస్రావం లేదని స్కాన్ తీసి నిర్ధారించుకోకుండా ఇవ్వకూడదు. కాబట్టి మీరు కనుక్కోవలసింది ఊళ్ళో ఆసుపత్రి ఉందా అని కాదు. రాత్రింబగళ్ళు స్కాన్ తీసి, చూసి చెప్పేవారున్న ఆసుపత్రికి అర్ధరాత్రి రెండు గంటలకు మీ ఇంటి నుంచి ఎంతసేపట్లో చేరగలరో, తీసుకువెళ్ళే వాహనం ఎక్కడి నుంచి రావాలో కనుక్కోండి.

మీరు గమనించని సదుపాయం ఏదని అడిగారు. నా ఉద్దేశంలో అది “రెండోది”. నగరంలో ఒక వైద్యుడు సెలవులో ఉంటే ఇంకొకరు ఉంటారు, ఒక దారి మూసేస్తే ఇంకో దారి ఉంటుంది, ఒక బడి నచ్చకపోతే ఇంకో బడి ఉంటుంది. చిన్న ఊళ్ళో చాలావాటికి ఒకటే ఉంటుంది, అది ఆగిన రోజున అంతా ఆగుతుంది. వస్తువుల బెంగ ఇప్పుడు అంతగా లేదు, ఇంటికే తెప్పించుకోవచ్చు. మనిషి చెయ్యి పడితేగాని జరగని పనులకే ఇబ్బంది. రోజూ మిగులుతాయంటున్న రెండున్నర గంటల నుంచి, పంటి నొప్పికో కళ్ళ పరీక్షకో పట్టణానికి వెళ్ళి రావడానికి పోయే పూర్తి రోజులను కూడా తీసివేసి చూడండి. అప్పటికీ మీకు లాభమే మిగలవచ్చు.

మూడో సమాధానం

పిల్లల సంగతి నేను చెబుతాను, ఇరవై ఏళ్ళుగా బడిలో పని చేస్తున్నాను.

రోజర్ బార్కర్ అనే అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1947లో కాన్సస్ రాష్ట్రంలోని ఆస్కలూసా అనే చిన్న ఊళ్ళో పరిశోధనా కేంద్రం పెట్టి, కుటుంబంతో సహా అక్కడే కాపురం ఉండి, ఆ ఊరి పిల్లలు రోజంతా ఏం చేస్తారో ఏళ్ళ తరబడి రాసుకున్నారు. 1949 ఏప్రిల్ 26న ఒక ఏడేళ్ళ బాలుడు నిద్ర లేచినప్పటి నుంచి పడుకునే దాకా చేసిన ప్రతి పనినీ ఆయన బృందం వంతులవారీగా వెంట ఉండి నమోదు చేసింది. (ఆ పిల్లవాడు ఎలా భరించాడో గానీ!) ఈ పరిశీలనల నుంచి ఆయన గ్రహించిన విషయం పైకి చాలా మామూలుగా కనిపిస్తుంది. చిన్న ఊళ్ళోనూ ఒక ఆటల జట్టు, ఒక నాటకం, ఒక సభ ఉంటాయి, కానీ వాటిని నడపడానికి మనుషులు చాలరు. అందువల్ల నగరంలో అయితే “నీకు రాదు, పక్కన కూర్చో” అనిపించుకునే పిల్లను ఇక్కడ పిలిచి మరీ పని అప్పగిస్తారు. ఆయన, పాల్ గంప్ కలిసి 1964లో ప్రచురించిన పరిశోధనలో పెద్ద ఉన్నత పాఠశాలలను, చిన్నవాటిని పోల్చి చూశారు. పెద్ద బడిలో కార్యక్రమాల రకాలు ఎక్కువే, కానీ బాధ్యత గల పాత్ర ఒక్కో విద్యార్థికి దక్కినది చిన్న బడిలోనే ఎక్కువ. నా అనుభవమూ అదే.

తొమ్మిదేళ్ళ పిల్లకు ఇది నిస్సందేహంగా మేలు. పద్నాలుగేళ్ళు వచ్చాక లెక్క మారుతుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఏదైనా విలక్షణమైన అభిరుచి ఉన్న పిల్లకు చిన్న ఊళ్ళో తోడు దొరకదు. వెయ్యి మందిలో ఒకరికి ఉండే అభిరుచి అయితే మూడు వేల జనాభాలో ముగ్గురికి ఉంటుంది, ఆ ముగ్గురూ ఒకే వయసువారు అయ్యే అవకాశం లేనట్టే. ముప్పై లక్షల నగరంలో మూడు వేల మంది ఉంటారు, వాళ్ళకు సంఘాలూ గురువులూ ఏర్పడతాయి. క్లాడ్ ఫిషర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1975లో నగరాల గురించి వాదించినదాని సారాంశం ఇదే. ఆయన తరువాత ఉత్తర కాలిఫోర్నియాలో వెయ్యిమందికి పైగా జనాన్ని ప్రశ్నించి, నగరవాసులు మిగతావారికంటే ఒంటరివారేమీ కారని, వారికి బంధువుల తోడు తక్కువ, స్నేహితుల తోడు ఎక్కువ అని తేల్చారు. నగరంలో ఎవరికీ ఎవరూ ఉండరనే మాటను నేను అందుకే ఒప్పుకోను.

నాలుగో సమాధానం

అందరూ బాగా రాశారు. అయితే ప్రశ్న అడిగినవారు తన ఉద్యోగం, అమ్మాయి బడి, అమ్మగారి ఆరోగ్యం గురించి రాశారు, భార్య ఏం చేస్తారో ఒక్క మాటా రాయలేదు. ఆవిడకు ఉద్యోగం ఉంటే అసలు చిక్కు అక్కడే వస్తుంది. నగర జనాభా పెరిగేకొద్దీ తలసరి వేతనాలు కూడా పెరుగుతాయని లూయిస్ బెటెన్‌కోర్ట్, జెఫ్రీ వెస్ట్ తదితర పరిశోధకులు 2007లో లెక్కగట్టారు గానీ, వేతనం మాట అటుంచి, ఒకే ఇంట్లో ఇద్దరికీ వారి వారి చదువుకు తగిన పని దొరకాలంటే పెద్ద ఊరే దారి. భర్త ఉద్యోగం కోసం వెళ్ళి, అక్కడ తనకు పని లేక, కొత్తవాళ్ళతో పరిచయమయ్యే చోటూ లేక మూడేళ్ళు ఇంట్లో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నాలుగో సమాధానం చదివి సిగ్గుపడ్డాను. నా భార్య అనువాదకురాలు, ఇంటి నుంచే పని చేస్తుంది కాబట్టి ఇబ్బంది ఉండదని నా అంతట నేనే అనుకున్నాను. నిన్న రాత్రి అడిగితే, నెలకు రెండుసార్లు తోటి అనువాదకులను కలిసే సమావేశాలే తనకు ఇల్లు దాటి ఉన్న లోకమని, ఆ సంగతి నేను ఎప్పుడూ అడగలేదని చెప్పింది. అమ్మ విషయంలో కనుక్కున్నాను. స్కాన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రి గంటా పది నిమిషాల దూరంలో ఉంది, అక్కడ రాత్రిపూట కూడా నిపుణులు ఉంటారా అన్నది ఇంకా తెలియలేదు. ఒక సంవత్సరం వెళ్ళి చూసి, కుదరకపోతే తిరిగి రావచ్చునని మా సంస్థ ఒప్పుకుంది. నిర్ణయించుకునే ముందు ఒకసారి ఊరు చూసి రావాలనుకుంటున్నాం. అక్కడ ఏం చూడాలో చెప్పగలరా?

మొదటి సమాధానం రాసినవారు

మంచి వాతావరణంలో సెలవు రోజున వెళ్ళకండి, అప్పుడు ఏ ఊరైనా బాగుంటుంది. వాన కాలంలోనో చలి కాలంలోనో పని రోజులు మూడు కలిసివచ్చేలా వెళ్ళండి. ఆసుపత్రికి పగలు కాక రాత్రి ఒకసారి వాహనంలో వెళ్ళి సమయం చూసుకోండి. బడిలో మీ అమ్మాయి తరగతిలో ఎంతమంది ఉన్నారో, ఐదేళ్ళ కిందట ఎంతమంది ఉండేవారో అడగండి. పిల్లల సంఖ్య ఏటేటా తగ్గుతున్న బడి ఎప్పుడైనా మూతపడవచ్చు. బయటినుంచి వచ్చి అక్కడ స్థిరపడినవారిని వెతికి మాట్లాడండి, వెళ్ళిపోయినవారు ఎందుకు వెళ్ళారో వాళ్ళే చెబుతారు. నగరంలో సొంత ఇల్లు ఉంటే ఆ ఏడాది పూర్తయ్యేదాకా అమ్మకండి. ఇంకొక మాట. అన్నిచోట్లకూ ఇద్దరూ కలిసే వెళ్ళకుండా, ఒక పూట మీ భార్యను తన ఇష్టం వచ్చినట్టు ఒంటరిగా ఊరు తిరిగి రమ్మనండి, ఆ పూట ఆమెతో ఎవరు పలకరింపుగా మాట్లాడారో, ఎవరు చూసి తల తిప్పుకున్నారో సాయంత్రం తీరిగ్గా అడగండి.