మొదటి ఏడాది ఇంగ్లీషు కాంపోజిషన్‌లో రఫ్ పెట్టలేదని మార్కులు కోయొచ్చా?

పెరంబూర్ నాన్న:
మా అమ్మాయి ఇక్కడ చెన్నైలో బీకాం మొదటి ఏడాది. పార్ట్ వన్ తెలుగు, పార్ట్ టూ ఇంగ్లీషు. ఇంగ్లీషులో ఈ సెమిస్టర్‌కి నాలుగు వ్యాసాలు, ఒక్కొక్కటి 500 మాటలు. మొదటిది ‘మా వీధిలో వచ్చిన మార్పు’. మెట్రో పనులకు రేకులు కట్టాక వీధి చివర టిఫిన్ బండి ఆవిడ ఏమైందో రాసింది. పదికి నాలుగు వేశారు. ‘ఐ’ ఎక్కువసార్లు వాడిందట, చేత్తో రాసిన రఫ్ పెట్టలేదట. సొంత వీధి గురించి రాయమని చెప్పి ‘నేను’ అనకూడదంటే ఎలా?

తాంబరం టీచర్:
నేను వేరే కాలేజీలో ఇదే పేపర్ చెబుతాను. ‘ఐ’ వద్దనే నియమం నేను ఒప్పుకోను. పిల్లలు ప్రతి వాక్యం ‘ఐ థింక్’ అని మొదలుపెడుతుంటే విసిగి కొందరు ఆ మాటే వద్దంటారు. సొంత అనుభవం రాసేటప్పుడు అది ఉండాల్సిందే. రఫ్ సంగతి వేరు. కాంపోజిషన్ అంటే రాసింది మళ్ళీ చదువుకుని దిద్దుకోవడం. రఫ్ లేకపోతే ఏం దిద్దుకుందో ఎలా తెలుస్తుంది? చాట్‌జీపీటీ వచ్చాక ఫెయిర్ కాపీ ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం.

వేళచ్చేరి 42:
ప్లస్ టూ దాకా గైడు బట్టీ పట్టించి, కాలేజీలో చేరగానే సొంతంగా రాయమంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?

పెరంబూర్ నాన్న:
టీచర్ గారూ, ‘ఐ’ తప్పు కాదని మీరే అన్నారు. మరి ఆ మార్కులు వెనక్కి రావాలి కదా. నాకిది చిన్న విషయం కాదు. 1996లో నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఇంగ్లీషులో సెలవు చీటీ రాస్తే లెక్చరర్ క్లాసంతటికీ చదివి వినిపించారు. నెల్లూరు జిల్లా పల్లె నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చినవాణ్ణి. అందరూ నవ్వారు. ఈరోజుకీ ఆఫీసు మెయిల్ పంపే ముందు మూడుసార్లు చదువుకుంటాను, చేతులకు చెమట పడుతుంది. నా కూతురు ధైర్యంగా ‘నేను’ అని రాస్తే దాని కింద ఎర్ర గీత.

తాంబరం టీచర్:
మీకు జరిగింది తప్పే సార్. కానీ రఫ్ గురించి మీరు జవాబు చెప్పట్లేదు. మా క్లాసులో 68 మంది. నాలుగు వ్యాసాలు, రఫ్, ఫెయిర్ కలిపి 544 సార్లు చదవాలి. ఒక్కోదానికి పది నిమిషాలైనా 90 గంటలు. అదంతా రాత్రుళ్ళు ఇంట్లో కూర్చుని చేసే పని. పరీక్షకు 75, ఇంటర్నల్‌కు 25 మార్కులు, ఆ 25లో కూడా వ్యాసాలకు కొన్నే. అయినా చదువుతాను. పిల్ల ఆలోచన కనబడేది రఫ్‌లోనే.

అంబత్తూర్ అబ్బాయి:
నాకూ రఫ్ లేదని రెండు మార్కులు పోయాయి. తర్వాతిసారి ఫెయిర్ ముందు రాసి, దానికి తప్పులు చేర్చి రఫ్ తయారు చేశాను. మార్కులు వచ్చాయి. అది సరైన పని కాదని తెలుసు.

పాత మద్రాసు:
ఈ ఊళ్ళో ఇది కొత్త గొడవ కాదు. మద్రాసు యూనివర్సిటీ ఇంటర్మీడియట్ తెలుగు కాంపోజిషన్‌లో పిల్లలు గ్రాంథికంలోనే రాయాలా, వాడుక భాషలో రాయొచ్చా అని నూరేళ్ళ కిందటే పెద్ద పోరు నడిచింది. వాడుక భాష వైపు గిడుగు రామమూర్తి, గ్రాంథికం వైపు జయంతి రామయ్య పంతులు. గురజాడ అప్పారావు వాడుక భాష తరఫున 1914లో యూనివర్సిటీకి అసమ్మతి పత్రమే ఇచ్చారు.

తాంబరం టీచర్:
ఇది ఇంగ్లీషు పేపర్ అండీ, దీనికీ దానికీ ఏం సంబంధం? పెరంబూర్ సార్, మళ్ళీ అడుగుతున్నాను. రఫ్ ఎందుకు పెట్టలేదు? అసలు ఆ వ్యాసం అమ్మాయి రాసిందేనా?

పెరంబూర్ నాన్న:
ఆ మాట అనకండి మేడమ్. రఫ్ ఉంది. నాలుగు పేజీలుంది. తెలుగులో ఉంది. అందుకే భయపడి పెట్టలేదు. ముందు తెలుగులో రాసుకుని, డిక్షనరీ పెట్టుకుని రెండు రాత్రులు ఇంగ్లీషులోకి మార్చింది. నేను పక్కన కూర్చున్నానంతే, ఒక్క వాక్యం చెప్పలేదు. బండి ఆవిడ మన నెల్లూరామే. వెళ్ళేటప్పుడు ‘మళ్ళీ వస్తాలే పాపా’ అందట. ఆ మాటకు ఇంగ్లీషు దొరక్క పిల్ల ఏడ్చింది. ఇది దొంగ రాతా?

వేళచ్చేరి 42:
తెలుగులోనా! ముందే చెప్పాల్సింది అన్నా.

తాంబరం టీచర్:
క్షమించండి సార్, ఆ మాట నేను అనకూడదు. ఆ రఫ్ నా చేతికొస్తే ఇష్టంగా చదువుతాను. కానీ మా పక్క క్లాసు మేడమ్‌కి తెలుగు రాదు. మలయాళం, ఉర్దూ, హిందీ ఇళ్ళ పిల్లలున్నారు. తలా ఒక భాషలో ఇస్తే ఎవరు చదవాలి? పైగా మూడు గంటల పరీక్షలో తెలుగులో రాసి మార్చుకునే టైమ్ ఉండదు. మూడో ఏడాదికి కూడా నేరుగా ఒక పేజీ రాయలేని పిల్లల్ని చూశాను. తప్పులున్నా సరే, మొదటి నుంచీ ఇంగ్లీషులోనే రాయాలంటాను.

పెరంబూర్ నాన్న:
ఇక్కడే మీకూ నాకూ పడదు. తప్పులతో రాస్తే నవ్వుతారు. తప్పుల్లేకుండా రాస్తే నీదేనా అంటారు. తెలుగులో ఆలోచించుకుంటే అది రఫ్ కాదంటారు. ఈ కోర్సు నేర్పడానికా, వచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ ఏరడానికా? పాత మద్రాసు గారు చెప్పినదానికీ దీనికీ సంబంధం ఉంది మేడమ్.

తాంబరం టీచర్:
నేర్పడానికే. అందుకే నేను రఫ్‌లో భాషా తప్పులకు మార్కులు తియ్యను. వాళ్ళ మేడమ్ సంగతి నేను చెప్పలేను. రెండో వ్యాసానికి తెలుగు రఫే పెట్టి, ఏం తీసేసిందో ఎందుకు తీసేసిందో పక్కన నాలుగు ముక్కలు ఇంగ్లీషులో రాయమనండి.

పెరంబూర్ నాన్న:
సోమవారం ఇవ్వాలి. మీ మాట చదివి వినిపించాను, రఫ్ పెడతానంది. నేరుగా రాయాలన్నది మాత్రం నేనింకా ఒప్పుకోలేదు, ‘ఐ’కి తీసిన మార్కులూ అడుగుతాను. మొదటి వ్యాసం కూడా తిరగరాస్తోంది, బండి ఆవిడ మాట తెలుగులోనే ఉంచి.