ఉత్తరాంధ్రకి ఒక మాసపత్రిక తెస్తున్నాం, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

నాగావళి ఒడ్డు
అందరికీ నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు వాళ్ల కోసం నేనూ, ఇద్దరు స్నేహితులూ కలిసి మాసపత్రిక మొదలుపెడుతున్నాం. వంటలు, బట్టలు, ఇళ్లు, పండగలు. 64 పేజీలు, అన్నీ రంగుల్లో. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండగ నాటికి మొదటి సంచిక తేవాలని పట్టుదల. ముఖచిత్రం సిద్ధం: పొందూరు ఖాదీ చీర కట్టుకున్న అమ్మాయి, పక్కన బొబ్బిలి వీణ. పేరు రిజిస్ట్రేషన్ ఎలా? వెల 40 పెట్టొచ్చా? ఎన్ని కాపీలు వేయాలి? ప్రచారం ఎలా చేయాలి?

పాత ప్రెస్సు
కాపీల సంగతి ముందు చెప్తాను. నా చేతులు కాలింది అక్కడే. 2016లో మా జిల్లా పత్రిక మొదటి సంచిక 5,000 వేశాను. ఏజెంట్లు "పంపండి సార్, పోతాయి" అన్నారు. 30 శాతం కమీషన్, అమ్ముడుపోనివి వెనక్కి. మూడో నెలలో ఆర్టీసీ పార్శిల్‌లో కట్టలకి కట్టలే తిరిగొచ్చాయి. కొన్నింటికి తాడు కూడా విప్పలేదు. రానుపోను ఖర్చు నాదే. ఏడో నెలలో మూసేశాను. 1,000 దాటొద్దు బాబూ. డిపాజిట్ కట్టని ఏజెంటుకి ఒక్క కట్ట కూడా పంపొద్దు.

సీతంపేట
పేరు కోసం కలెక్టరాఫీసులో డిక్లరేషన్ ఇవ్వాలి. నేను మూడు నెలలు తిరిగాను. ఓపిక ఉంటేనే దిగండి.

అచ్చుయంత్రం
దయచేసి పాత సంగతులు చెప్పి కుర్రాళ్లని భయపెట్టకండి. 22 ఏళ్లుగా పత్రికల కాగితాల పని చేస్తున్నాను, నా చేతి మీదుగా చాలా పేర్లు వచ్చాయి. 1867 నాటి చట్టం పోయింది. 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. పేరుకీ రిజిస్ట్రేషన్‌కీ కలిపి ప్రెస్ సేవా పోర్టల్‌లో ఒకే దరఖాస్తు. డిక్లరేషన్ కోసం కలెక్టరాఫీసు చుట్టూ తిరిగే పని లేదు. పత్రికల్ని నమోదు చేసే ఆఫీసు, మనం ఆర్ఎన్ఐ అనేదే ఇప్పుడు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్. పేరు మాత్రం జాగ్రత్త. అలాంటిదే తెలుగులో దేశంలో ఎక్కడున్నా, మన రాష్ట్రంలో ఏ భాషలో ఉన్నా ఇవ్వరు. నాలుగైదు పేర్లు అనుకుని పెట్టుకోండి.

సీతంపేట
నేను తిరిగింది 2019లో. అబద్ధం చెప్పినట్టు మాట్లాడొద్దు.

ఖాదీ ఇంటమ్మాయి
నాగావళి గారూ, ఆ చీర ఎక్కడ కొన్నారు? ఎంతకి?

నాగావళి ఒడ్డు
విశాఖలో ఒక షాపులోనండి. 1,800. పొందూరు అనే చెప్పారు.

ఖాదీ ఇంటమ్మాయి
అది పొందూరు కాదు. ఆ వెలకి మా ఊళ్లో సన్న నూలు పంచె కూడా రాదు. మా అమ్మమ్మ 60 ఏళ్లు రాట్నం తిప్పింది. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వాలి, ఏకాలి, చుట్టిన ఏకుల్ని, అంటే దూది చుట్టల్ని, అరటి దొన్నెలో దాచి వడకాలి. ఆవిడ కళ్లు పోయింది ఆ సన్న నూలు వల్లే. మీరు మరమగ్గం చీర వేసి కింద పొందూరు అని రాస్తే, ఆ షాపువాడు రేపు మీ పత్రికే చూపించి అమ్ముతాడు.

రంగులపెట్టె
నేను ముఖచిత్రాలు చేస్తాను. అచ్చులో నేత ఎవరికీ తెలియదండి. షాపులో నాలుగడుగుల దూరం నుంచి కంటికి పట్టాలి, అంతే. ఇంత చిన్న విషయానికి టెన్షన్ ఎందుకు?

ఖాదీ ఇంటమ్మాయి
చిన్న విషయమా? మన ప్రాంతం పేరు చెప్పి పెడుతున్న పత్రిక, మొదటి పేజీలోనే మన ప్రాంతం గురించి తప్పు రాస్తే ఇంకెవరు నమ్మాలి? మీకు తెలియకపోతే తెలియదనండి. ఎవరికీ తెలియదనొద్దు.

పాత ప్రెస్సు
అమ్మా, కోపం న్యాయమే. కానీ ముందు పత్రిక బతకాలి కదా.

ఖాదీ ఇంటమ్మాయి
ఇలాగే అందరూ ముందు మేం బతకాలంటారు బాబాయ్. వడికేవాళ్లు ఎంతమంది మిగిలారో ఒకసారి వచ్చి చూడండి.

రంగులపెట్టె
సరే, చీర మాట వదిలేస్తున్నాను. అసలు కష్టం అక్షరాలతో. డీటీపీ వాళ్లు ఇప్పటికీ పాత పద్ధతి అను ఫాంట్లలోనే కొడతారు. ఆ మేటర్ వెబ్‌సైట్‌లో పెట్టాలంటే యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చితే వత్తులు చెదురుతాయి. మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో కొట్టించండి. మండలి, రామభద్ర, సురవరం లాంటి ఫాంట్లు ఉచితమే. పేజీలు ఇన్‌డిజైన్‌లో పెడితే ఆ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఆన్ చేయాలి. లేకపోతే వత్తులు విడిపోతాయి.

డల్లాస్ నుంచి
మాది పాలకొండ. మాకు పీడీఎఫ్ ఇస్తారా? ఏడాది చందా ఇప్పుడే కడతాను. మా అమ్మ చేసే చింతపండు పులుసు లాంటివి వేయండి, ఇక్కడ పిల్లలకి చూపించుకుంటాం.

లక్ష్మి కాంప్లెక్స్
ప్రచారం గురించి ఒక్కరూ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నాను. మేం నలుగురం ఆడవాళ్లం మా ఊరి పత్రిక 2021 నుంచి నడుపుతున్నాం, ఇప్పటికీ ఆగలేదు. పోస్టర్లు, ఫ్లెక్సీలు మా వల్ల కాలేదు. బ్యూటీ పార్లర్లు, పిల్లల డాక్టర్ల దగ్గర వెయిటింగ్ హాళ్లు, కుట్టు సెంటర్లు, ఇలా 60 చోట్ల రెండేసి కాపీలు ఉచితంగా పెట్టాం. అరగంట కూర్చునే చోట పుస్తకం చేతిలోకి తీసుకుంటారు. సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టి, వచ్చిన ప్రతి ముగ్గునీ చిన్నదిగానైనా పేరుతో అచ్చేశాం. ముగ్గు వేసిన ఒక్కొక్కరూ ఐదారు కాపీలు కొన్నారు, అత్తవారింటికీ పుట్టింటికీ పంచడానికి. నేను ఆ రోజు ఏడ్చేశాను.

పాత ప్రెస్సు
తల్లీ, ఈ మాట నాకు 2016లో ఎవరూ చెప్పలేదు.

అచ్చుయంత్రం
ఉచితంగా ఇస్తే విలువ పోతుంది. నేను ఒప్పుకోను.

లక్ష్మి కాంప్లెక్స్
విలువ పోతే ఇన్నేళ్లు నడిచేదా అండీ? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు అమృతాంజనం సీసాలు సంగీత కచేరీల్లో ఉచితంగా పంచారు. ఆ సొమ్ముతోనే ఆంధ్రపత్రిక నడిపారు.

అచ్చుయంత్రం
అది తలనొప్పి మందు. ఇది పత్రిక.

సీడీఎం నగలు
ప్రకటనలిచ్చే వైపు నుంచి చెప్తాను, మాది చిన్న నగల షాపు. పత్రికల వాళ్లు వస్తారు, మూడు నెలల ప్రకటనలకి డబ్బు ముందే తీసుకుంటారు, రెండో సంచిక రాదు. నాకు రెండుసార్లు జరిగింది. ఏ నెలకి ఆ నెల, అచ్చయిన కాపీ చూపించి తీసుకోండి. బిల్లులో అచ్చు ప్రకటన, వెబ్ ప్రకటన విడిగా రాయండి. మొదటిదానికి జీఎస్టీ 5 శాతం, రెండోదానికి 18.

నాగావళి ఒడ్డు
అందరికీ దండాలు. 1,000 కాపీలే వేస్తాం. పార్లర్ల జాబితా రాయడం మొదలుపెట్టాం. చీర ఫొటో తీసేశాం. ఖాదీ ఇంటమ్మాయి గారూ, మీ ఊరు వచ్చి వడికేవాళ్ల ఫొటో తీసుకోవచ్చా? వాళ్ల పేర్లు కూడా వేస్తాం. వెల 40 సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఖాదీ ఇంటమ్మాయి
రండి. పొందూరులో రైల్వే స్టేషనుంది, చీపురుపల్లి దాటాక. పొద్దున్నే వస్తే వెలుతురు బాగుంటుంది. మా పెద్దమ్మ ఇప్పటికీ వడుకుతుంది. ముందు ఆవిడని అడగాలి, ఒప్పుకుంటేనే ఫొటో.

డల్లాస్ నుంచి
పీడీఎఫ్ సంగతి చెప్పలేదు.