మానిటర్ తీసేస్తే గ్రాఫిక్స్ కార్డు పని చేయట్లేదు, ఎవరైనా చెప్పండి

నల్లగొండ సభ్యుడు, రాత్రి 10:50
పొద్దున్నుంచి దీని ముందే కూర్చున్నా. మానిటర్ ఉంటే రెండర్ (సీన్ నుంచి వీడియో ఫ్రేములు తయారవడం) అవుతుంది, పీకేస్తే అవ్వదు. సీపీయూ డబ్బా మిద్దె మీద రేకుల గదిలో ఉంది, కింద షాపు నుంచి ల్యాప్‌టాప్‌తో నడపాలి. డ్రైవర్ మూడుసార్లు తీసి మళ్లీ వేశా. రేపు సాయంత్రానికి పెళ్లి వీడియో టైటిల్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. కార్డు పోయిందా?

సూర్యాపేట సభ్యుడు
ఓఎస్ ఏది? కార్డు ఏది? ఏ ఎర్రర్?

మిర్యాలగూడ సభ్యుడు
తమ్మీ, ముందు ఆ రేకుల గది సంగతి చూడు. ఈ ఎండలకు రేకుల కింద మనిషే ఉండలేడు. ఈ కార్డులు చాలావరకు 83 డిగ్రీల చుట్టుపక్కలకు రాగానే వేగం తగ్గించుకుంటాయి. ఎర్తింగ్ సరిగా ఉందా? స్టెబిలైజర్ ఉందా? మోటార్లు ఆన్ అయినప్పుడు వోల్టేజీ ఎట్లా పడుతుందో మనందరికీ తెలుసు. సెకండ్ హ్యాండ్ కార్డయితే ఫ్యాన్ విప్పి దుమ్ము దులుపు, చిప్ మీద వేడి లాగే పేస్ట్ మార్చు.

నల్లగొండ సభ్యుడు
సార్, వేడి సంగతి తర్వాత చూస్తా. ఉబుంటు 20.04 లినక్స్, జీటీఎక్స్ 1060 కార్డు. కార్డు స్థితి చూపించే ఎన్విడియా-ఎస్‌ఎంఐ కమాండ్ కొడితే కార్డు కనబడుతోంది.

పాలమూరు సభ్యుడు
కనబడుతోందంటే కార్డు, డ్రైవర్ రెండూ బాగానే ఉన్నాయి. క్యూడా లెక్కలకు, అంటే ఎన్విడియా కార్డు మీద నేరుగా చేసే లెక్కలకు, మానిటర్ అక్కర్లేదు. సర్వర్లు చాలావరకు హెడ్‌లెస్‌గానే, అంటే మానిటర్ లేకుండానే నడుస్తాయి.

కల్వకుర్తి సభ్యుడు
అక్కర్లేదంటే ఎట్లా? నాకు హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ (మానిటర్ ఉన్నట్టు నమ్మించే చిన్న ప్లగ్) పెట్టాకే పని చేసింది. అంతకుముందు వీజీఏ పిన్నులకు మూడు రెసిస్టర్లు పెట్టి నడిపా.

పాలమూరు సభ్యుడు
డమ్మీ పెడితే మెషిన్ మానిటర్ ఉందనే అనుకుంటుంది. అది హెడ్‌లెస్ ఎట్లా అవుతుంది?

కల్వకుర్తి సభ్యుడు
స్క్రీన్ లేదు కదా, హెడ్‌లెస్సే.

నల్లగొండ సభ్యుడు
అన్నా, పేరు ఏదైనా సరే, నా పని చెప్పండి. "డిస్‌ప్లే తెరవలేకపోయాం" అని వస్తోంది.

సూర్యాపేట సభ్యుడు
3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండరా? అందులో రెండర్ ఇంజిన్ ఈవీనా, సైకిల్సా?

నల్లగొండ సభ్యుడు
బ్లెండర్ 2.93, ఈవీ. తొందరగా అవుతుందని. అది చెప్పాలని తోచలేదు.

సూర్యాపేట సభ్యుడు
అదే అసలు విషయం. మానిటర్ ఉన్నప్పుడు గదిలో కూర్చొని నడిపావు, ఇప్పుడు ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే ల్యాప్‌టాప్ నుంచి నెట్‌వర్క్ మీద కమాండ్లు కొట్టి, నడుపుతున్నావు. అవునా?

నల్లగొండ సభ్యుడు
అవును.

పాలమూరు సభ్యుడు
అయితే కల్వకుర్తి అన్న చెప్పిందీ సరైనదే. సైకిల్స్ క్యూడాతో లెక్క వేస్తుంది, దానికి డిస్‌ప్లే వద్దు. ఈవీ ఓపెన్‌జీఎల్‌తో, అంటే స్క్రీన్ మీద బొమ్మ గీసే పద్ధతిలో, గీస్తుంది. ఈ వెర్షన్‌లో లినక్స్ మీద దానికి డెస్క్‌టాప్ సెషన్ నడుస్తూ ఉండాలి. డమ్మీ ప్లగ్ పెట్టి, ఆటో లాగిన్ ఆన్ చేసి, ఎస్‌ఎస్‌హెచ్‌లో డిస్‌ప్లే వేరియబుల్‌కు ఆ సెషన్ నంబర్ ఇవ్వు. సాధారణంగా సున్నా, కొన్నిచోట్ల ఒకటి.

సూర్యాపేట సభ్యుడు
ఈ రాత్రికి ప్లగ్ దొరకదు. సైకిల్స్‌కు మార్చు. సీన్‌లో డివైస్ జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) అని ఉండాలి, లేకపోతే ప్రాసెసర్ మీదే నడుస్తుంది. శాంపిల్స్ (ఒక్కో చుక్కకు వేసే లెక్కలు) తగ్గించి, బొమ్మలో గరుకు తీసే డీనాయిజ్ పెట్టు.

నల్లగొండ సభ్యుడు, 12:25
నడుస్తోంది! ఫ్రేముకు 2 నిమిషాలు. 10 సెకన్ల టైటిల్, 250 ఫ్రేములు. అంటే ఎనిమిది గంటల పైనే.

మిర్యాలగూడ సభ్యుడు
మధ్యలో కరెంటు పోతే? నేరుగా వీడియోగా రాయకు, పీఎన్‌జీ బొమ్మలుగా సేవ్ చెయ్యి. ఆగిన ఫ్రేము నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. గదికి కిటికీ ఉంటే తెరిచి, టేబుల్ ఫ్యాన్ పెట్టు.

కల్వకుర్తి సభ్యుడు
స్క్రీన్ లేకపోతే హెడ్‌లెస్సే. ఇప్పటికీ అదే అంటా.

నల్లగొండ సభ్యుడు, 12:50
పీఎన్‌జీకి మార్చి మళ్లీ మొదటి నుంచి పెట్టా. ఫ్యాన్ కూడా పెట్టా సార్. 4వ ఫ్రేము. థ్యాంక్స్ అన్నా.