కాళ్ళా గజ్జానా, కాళ్ళా గజ్జినా? నిమ్మల బావి తర్వాత ఏమిటి?

బరంపురం నుంచి:
అందరికీ నమస్కారం. నేనూ నా స్నేహితుడూ కలిసి ఒక ఆట తయారు చేస్తున్నాం. వెనక కంపెనీ ఏదీ లేదు, మేమిద్దరమే. బ్రౌజర్ తెరిస్తే చాలు, డౌన్‌లోడ్ అక్కర్లేదు. నలుగురు నాలుగు ఊళ్ళ నుంచి ఒకేసారి ఆడొచ్చు. తెర మీద పదహారు బై పదహారు, అంటే 256 గళ్ళ పలక ఉంటుంది. ఒక్కొక్కరికి రెండు కాళ్ళు, కాలికో రంగు. కాళ్ళాగజ్జా పాట నడుస్తుంటే, తాళం ఎవరి కాలి మీద పడితే వాళ్ళు ఆ రంగుతో ఒక గడి నింపాలి. పాట ఆగిన కాలు ముడుచుకుంటుంది, ఆ రంగు ఇక పోయినట్టే. చివరికి ఒక్క కాలు మిగిలేసరికి నలుగురూ కలిసి వేసిన పిక్సెల్ బొమ్మ తయారవుతుంది.

చిక్కల్లా పాట దగ్గరే. నాకు "నిమ్మల బావి" దాకానే వచ్చు, ఆపైన "కాలు తీసి కడగా పెట్టు" అని ముగింపు. చరణానికి నాలుగు తాళాలు కదా. ఐదు చరణాలే అయితే పాటకి ఇరవై తాళాలు, ఏడు కాళ్ళు ముడుచుకునేసరికి 140 గళ్ళే నిండుతాయి. సగానికి దగ్గరగా పలక ఖాళీ. తొమ్మిది చరణాలుంటే 252 నిండుతాయి. మన వైపు మధ్యలో ఏమేం అనేవారో, మొత్తం ఎన్ని చరణాలో చెప్పండి.

ఇంకొకటి, "గజ్జా" నా "గజ్జి" నా? మొదటి తెర మీద దాని బొమ్మ వెయ్యాలి. మా అన్నయ్య పిల్లలు ఒడియా మీడియం. తెలుగు గలగలా మాట్లాడతారు, చదవలేరు. అలాంటి పిల్లలకి బొమ్మే ఆధారం.

పర్లాకిమిడి నుంచి (రిటైర్డ్ మాస్టారు):
మంచి పని బాబూ. గజ్జా అనే పెట్టు. మాత్రలు, అంటే పలికే కాలం కొలతలు, లెక్కపెట్టి చూడు. పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికీ ఒత్తక్షరం ముందున్నదానికీ రెండు. కాళ్ళా నాలుగు, గజ్జా నాలుగు, కంకా నాలుగు, ళమ్మ మూడు, చివర సాగదీత ఒకటి. చతురస్రం, అంటే నాలుగేసి మాత్రల నడక, చక్కగా నడుస్తోంది. గజ్జి అంటే మూడే, నడక కుంటుతుంది.

గుణుపురం నుంచి:
మాస్టారూ, రెండో చరణం కూడా చూడండి. "వేగు చుక్క" మూడూ మూడూ. "మొగ్గా కాదు" నాలుగూ మూడూ, "కాళ్ళా గజ్జి" కూడా సరిగ్గా అంతే. అక్కడ సాగదీసి అన్నవాళ్ళు ఇక్కడ సాగదీయలేరా? మాత్రల లెక్క గజ్జిని కొట్టెయ్యదు. పైగా వెలగ, మోదుగ, నిమ్మ వరసగా వస్తున్నాయి. ఇది గజ్జికి మందు చెప్పే పాటని చాలామంది అంటారు. వేగుచుక్క అంటే ఆ మందు వేసుకునే వేళ, తెల్లవారుజాము అని నా ఊహ. బొమ్మ వేస్తే ఆకులే వెయ్యాలి.

రాయగడ నుంచి:
మందుల పాటయితే ముందు చెప్పినదాన్ని తర్వాతి చరణంలోనే "కాదు" అని ఎందుకు తోసేస్తుందండీ? మోదుగ నీడతో ఏం వైద్యం చేస్తారు? మా అమ్మమ్మ అనేది ఇలా: బావీ కాదు బచ్చలి కూర, కూరా కాదు గుమ్మడి పండు, పండూ కాదు పాపడ మీసం. తర్వాత మిరియాలేవో వస్తాయి. ప్రతి చరణంలోనూ మొదటి తాళానికీ మూడో తాళానికీ యతి, అంటే మొదటి అక్షరాల జత, కుదిరింది చూడండి. మొగ్గ–మోదుగ, నీడ–నిమ్మ, బావి–బచ్చలి సరే, కూర–గుమ్మడి కూడా క, గ మైత్రే. యతి అనే మాట వినని ఆవిడ నోట ఒక్కటీ తప్పలేదు. నాకైతే అర్థం కంటే అదే గొప్ప.

పర్లాకిమిడి నుంచి:
భేషుగ్గా పట్టారమ్మా. మా వాడలో "బావీ కాదు వసంత కేరి" అనేవారు. వబలకు అభేదం, అంటే వ, బ ఒకటిగానే చెల్లుతాయి, యతి అక్కడా నిలిచింది. ఇలాంటి నోటి లయల బలం తెలిసినవాడు గురజాడ. 1910లో "గుత్తునా ముత్యాల సరములు" అన్నప్పుడు గుత్తు మూడు, నా ము నాలుగు, త్యాల మూడు, సరములు నాలుగు. ఎక్కడా సాగదీత అక్కర్లేదు. ఆయనా, మా ఊళ్ళో పాఠాలు చెబుతూ సవర భాష మీద పనిచేసిన గిడుగు వారూ విజయనగరంలో ఒకే బడిలో చదువుకున్నారు. జనం నోట ఉన్నదే ప్రమాణం అన్న పట్టు ఇద్దరిదీ.

గుణుపురం నుంచి:
గురజాడంటే నాకూ ప్రాణమే. కానీ ఆయనది మూడూ నాలుగూ కలిసిన మిశ్రగతి, ఇది చతురస్రం, రెంటినీ కలపకండి. జనం నోటినే ప్రమాణంగా తీసుకుంటే మా గుణుపురం నోట గజ్జే ఉంది.

జయపురం నుంచి:
2017లో రెడిట్ వెబ్‌సైట్ వాళ్ళ "ప్లేస్" అనే ఉమ్మడి పలక మీద జనం పదహారు రంగులతో వెయ్యి బై వెయ్యి గళ్ళు నింపారు. ఒక గడి నింపాక మళ్ళీ వంతు కోసం నిమిషాల తరబడి ఆగాలి. అక్కడ గడియారం ఆపింది, ఇక్కడ పాట ఆపుతుంది. ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది. ఇక కంకాళమ్మ అమ్మవారి పేరే. అమ్మవారి ముందు ఆడే కాళ్ళకి ఉండేవి గజ్జెలే. బరంపురంలో అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర చూసినవారికి వేరే చెప్పాలా?

బరంపురం నుంచి:
అందరికీ ధన్యవాదాలు. ఫాంట్‌తో రాయిస్తే బ్రౌజర్ అంచులు నునుపు చేసి మసకగా చూపిస్తోంది, అందుకని అక్షరాలు కూడా చేత్తోనే చుక్కలుగా పేర్చాం. ఎత్తు పదహారు చుక్కలు. కింద జ వత్తుకి చోటు పోగా పైన మిగిలేది బాగా తక్కువ. గుడి పెడితే జ తలలోనే కలిసిపోతోంది, మూడు చుక్కల తేడా. ప్రస్తుతానికి గజ్జె బొమ్మ వేశాను, ఐదు పసుపు చుక్కలు, ఒక్కోదాని కింద ఒక ముదురు గోధుమ చుక్క. రాయగడ మేడమ్ గారూ, మీ వరసకి ముగింపు కలిపితే ఎనిమిది చరణాలు, 224 గళ్ళు. మిరియాల చరణం పూర్తిగా గుర్తొస్తే తొమ్మిది. దాని తర్వాత ఇంకా ఉన్నాయా?

రాయగడ నుంచి:
"మీసం కాదు మిరియాల పోతు". ఆపైన శెట్టి ఒకాయన రావాలి, మా పిన్నిని అడిగి చెబుతాను.

గుణుపురం నుంచి:
అడిగేటప్పుడు "వెలగ మొగ్గ" అనేవారో "వెలగా మొగ్గ" అనేవారో కూడా కనుక్కోండి. దీర్ఘం ఉంటే అక్కడ నాలుగు మాత్రలు, నా లెక్క ఇంకా గట్టిపడుతుంది.

పర్లాకిమిడి నుంచి:
వెలగా అనేది పాడేటప్పటి సాగదీత. దాన్ని లెక్కలోకి తీసుకుంటే గజ్జి కూడా గజ్జీ అవుతుంది, అప్పుడు మీ నాలుగూ మూడూ ఎక్కడ నిలుస్తాయి?