బేస్ గిటార్‌కు లైట్ గేజ్ ఫ్లాట్‌వౌండ్: ఎయ్యాలా వద్దా?

హన్మకొండ నాలుగుతీగలు
అన్నలూ, ఆదివారం చర్చిల, పెళ్లిళ్ల సీజన్ల ఆర్కెస్ట్రాల వాయిస్త. ఫెండర్ ప్రెసిషన్ టైపు బేస్, స్కేలు (తీగ మోగే పొడుగు) 34 అంగుళాలు. ఇప్పుడు 45–105 గేజ్ (సన్న తీగ నుంచి లావు తీగ దాక మందం, అంగుళంల వెయ్యోవంతుల్ల) రౌండ్‌వౌండ్ తీగలు ఉన్నయ్. నిమ్మలంగ పోయే పాటల్ల వేలు జరిపినప్పుడల్లా కీచుమని చప్పుడు. పైగా కొద్దిసేపైనంక ఎడమ మణికట్టు గుంజుతది. ఫ్లాట్స్‌కు (చదును పట్టీ చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలకు) మారుదామనుకుంటున్న, అది గూడ లైట్ గేజ్, అంటే సన్నటియి. థామస్టిక్ జాజ్ ఫ్లాట్స్ 43–100, లా బెల్లా 43–104, డడారియో క్రోమ్స్ 45–100. మూడిట్ల ఏది?

కాజీపేట జంక్షన్
తమ్మీ, ఫ్లాట్స్ అన్నవు, మంచిగన్నవు. మల్ల లైట్ ఎందుకు? అమెరికాల మోటౌన్ కంపెనీ రికార్డులకు వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్‌కు లా బెల్లా 52–110 ఏసిండు. చూపుడు వేలు ఒక్కటే, దాంతోనే అంతా వాయించిండు. తీగ తెగితే తప్ప మార్చకపోయేది. ఫ్లాట్స్ కొని లైట్ తీసుకునుడంటే బిర్యానీ చెప్పి ముక్కలు పక్కకు పెట్టుడే.

లెక్కల సారు, కరీంనగర్
గేజ్ అంకె చూసి తీగ బిగువు చెప్పలేం. స్కేలు, శ్రుతి మారనప్పుడు బిగువు తీగ బరువును బట్టి ఉంటుంది. రౌండ్ తీగకు గుండ్రటి వైరు చుడతారు, చుట్ల మధ్య సందులుంటాయి. ఫ్లాట్‌కు చదును పట్టీ చుడతారు, సందులు ఉండవు. కాబట్టి అదే గేజ్‌లో ఫ్లాట్ బరువెక్కువ, బిగువెక్కువ. నువ్వు 45–105 రౌండ్స్ తీసి 45–100 క్రోమ్స్ వేస్తే లైట్‌కు మారినట్టు చేతికి అనిపించనే అనిపించదు. థామస్టిక్ అంకెల్లో దానికి దగ్గరే, పట్టుకుంటే మాత్రం చాలా మెత్తన. మణికట్టు కోసమైతే అదే.

జమ్మికుంట
ఆ ఒక్క సెట్టు పైసలకు రౌండ్స్ రెండు సెట్లొస్తయ్. చెప్తున్న అంతే.

కాజీపేట జంక్షన్
సారు లెక్క సారుది. 100 గేజ్ లావు తీగను జర గట్టిగ మీటితే ఫ్రెట్లకు (మెడ మీది లోహపు గీట్లకు) తాకి టపటప కొట్టుకుంటది. 110 కదలదు. నేను ఏండ్లకేండ్లు వాయించిన, నాకెర్క.

లెక్కల సారు, కరీంనగర్
అంత గట్టిగా మీటుడెందుకు? ఆంప్‌కు వాల్యూమ్ ఉన్నది గదా. 110 వెయ్యాలంటే నట్‌లో (మెడ కొసన తీగలు కూర్చునే ముక్కలో) గాడి అరగదీయాలె. బిగువుకు నెక్ ముందుకు వంగుతుంది, దాని లోపలి ట్రస్ రాడ్ (ఉక్కు కడ్డీ) బిగించాలె. అబ్బాయి మణికట్టు నొప్పి అంటుంటే మీరు ఇంకా బిగువు పెంచుమంటున్నారు.

కాజీపేట జంక్షన్
మణికట్టు నొప్పి యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) ఎక్కువుంటే వస్తది, భుజం పట్టీ కిందికి ఏలాడేసుకుంటే వస్తది. తీగల తప్పు కాదు. 100కు, 105కు, 110కు ఫరకు లేదని ఎవడన్నా నిరూపిస్తే నేను ఈ ముచ్చట బంద్ చేస్త.

లెక్కల సారు, కరీంనగర్
ఫరకు లేదని ఎవరన్నారు? తీగ తయారీ తీరు ఒక్కటే అయితే 105 నుంచి 100కు వస్తే బిగువు సుమారు 9 శాతం తగ్గుతుంది. నేను చెప్పేది వేరు వేరు కంపెనీల సెట్లను అంకెతో పోల్చొద్దని. పైన రాసిన. చదవండి.

మంచిర్యాల స్లాప్
మీ ఇద్దరి లొల్లి పక్కన పెట్టుండ్రి. ఫ్లాట్స్ ఏస్తే ఆర్కెస్ట్రాల నీ బేస్ ఇనపడదు తమ్మీ. నేను ఏసి చూసిన. ఫంక్షన్ హాల్‌ల సబ్ బాక్సులు (లోతు శబ్దపు పెద్ద స్పీకర్లు) గుబగుబ కొట్టుకుంటయ్, నీ ఫ్లాట్స్ శబ్దం అండ్లనే మునిగిపోతది. పోయినేడు ఒక ట్రూపు ఓనరు, "నువ్వు ప్లగ్ తీసినా ఎవ్వరికి తెల్వలే, కీబోర్డాయన ఎడమ చెయ్యి సాలు" అన్నడు. ఇగ మల్ల పిలువలే.

కాజీపేట జంక్షన్
బేస్ ఇనపడుడు కాదు, లేకపోతే తెల్వాలె. ఇనపడాల్నని అంత సోకుంటే గిటార్ నేర్సుకోరాదు.

మంచిర్యాల స్లాప్
అన్నా, నీకు ఒకటో తారీకు జీతం పడుతది. ఆదివారం పొద్దుగాల సరదాకు వాయిస్తవ్. మేం ప్రోగ్రాం లెక్కన బతికేటోళ్లం. ఇనపడకపోతే ఒక మనిషి ఖర్చు తగ్గిందని లెక్కేస్తరు. నీ జేమర్సన్‌ను మోటౌన్ పిలిచి పైసలిచ్చింది, నన్నెవరు పిలుస్తరు?

జమ్మికుంట
గిది మాట!

కాజీపేట జంక్షన్
సరదా అంటవా? పదేండ్లు ఆర్కెస్ట్రాల తిరిగినంకనే ఉద్యోగం వచ్చింది నాకు. అప్పుడు రౌండ్సే, కొత్తయి, తళతళలాడేటియి. నా తీగ ప్రతి దెబ్బ ఇనపడేది. అయినా కీబోర్డు రాంగనే తీసేసిండ్రు. శబ్దం కోసం తీయలే, నీ ఆటో కిరాయి, భోజనం, పైసలు మిగుల్తయని తీసిండ్రు. తీగలు మారిస్తే పిలుస్తరనుకునుడు నీ భ్రమ.

మంచిర్యాల స్లాప్
అట్లయితే నేను చెప్పిందే నువ్వూ చెప్తున్నవు గదా. మల్ల నా మీదికెందుకు ఎగిరినవ్?

లెక్కల సారు, కరీంనగర్
పైసల సంగతి నా చేతిలో లేదు. హాల్‌లో వినపడే సంగతికి ఒక మాట. ఫ్లాట్స్ వేసి ఆంప్ మీది బేస్ నాబ్ పెంచితే ఆ సబ్ మోతలోనే కలుస్తుంది. ఆ నాబ్ కొంచెం తగ్గించి 700–800 హెర్ట్జ్ దగ్గర మిడ్స్ (నడిమి శబ్దాలు) పెంచు, స్వరం తేలుతుంది. స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి) వాయించేవాళ్లకు మాత్రం రౌండ్సే. అందులో మంచిర్యాల తమ్ముడు కరెక్టు.

హన్మకొండ నాలుగుతీగలు
నేనడిగిన ముచ్చట ఎటో పోయింది, అయినా మంచిదే. సారూ, కొనకముందే చూసుకునే తొవ్వ ఏమన్న ఉన్నదా?

లెక్కల సారు, కరీంనగర్
ఉన్నది. ఇప్పుడున్న తీగలనే అర స్వరం దించి వాయించు. బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. మెత్తటి తీగ ఎట్లుంటదో పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది.

హన్మకొండ నాలుగుతీగలు
చేసిన. చెయ్యికి హాయిగున్నది. లావు తీగ మాత్రం మూడో ఫ్రెట్ కాడ జర్రుమంటున్నది.

కాజీపేట జంక్షన్
110.

లెక్కల సారు, కరీంనగర్
బిగువు తగ్గింది గనక నెక్ వెనక్కి పోయింది. ట్రస్ రాడ్ పావు తిప్పు కంటే తక్కువ వదులు చేసి ఒక రాత్రి ఆగు, మళ్లీ చూడు. కొత్తవి వేసినంక శాడిల్స్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే ముక్కలు) జరిపి శ్రుతి సరిచూసుకో. ఇంకొకటి: ఫ్లాట్ తీగ కోసే ముందు శ్రుతి మేకుకు చుట్టే కొసను తొంభై డిగ్రీలు వంచి, వంపు దాటినంక కొయ్యాలె. లేకపోతే పట్టీ విడిపోయి సెట్టు పాడైతది. బాడీ వెనక నుంచి తీగ దూర్చే బ్రిడ్జ్ అయితే పైనుంచే వెయ్యి, ఆ మలుపు ఫ్లాట్స్‌కు పడదు.

హన్మకొండ నాలుగుతీగలు
అయితే థామస్టిక్కే ఆర్డర్ పెడుతున్న. పెళ్లిళ్లకు దోస్తు దగ్గర రౌండ్స్ ఉన్న బేస్ అడుగుత.

మంచిర్యాల స్లాప్
నువ్వు తీసిన రౌండ్స్ పారెయ్యకు, నాకు పంపు. పోస్టు ఖర్చు నేనిస్త.